రాజన్న మామ ఇచ్చిన పానం

షార్జా
శుక్రవారం

అన్న నర్సయ్యకు తమ్ముడు గంగాధర్ దండం పెట్టి రాస్తున్నది.

అన్నా, నేను బతికే ఉన్నాను. క్షేమమని రాయడానికి ముందు ఈ మాట రాయాల్సి వచ్చింది. వేల్పూర్ రాజన్న మామ కూడా బతికే ఉన్నాడు. నా మంచానికి ఎదురు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్ర మాత్రం పోవడం లేదు. నిద్రపోతే ఆయన గురకకు ఈ రేకుల గది ఊగుతుంది.

అమ్మ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? దవాఖానలో ఇచ్చిన నూనె రాసుకుంటున్నదా, లేక సీసాను దేవుని గూట్లో పెట్టి దాచిందా? వదినకు తంబాకు దగ్గు తగ్గిందా? బీడీలు చుట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోమని నా మాటగా చెప్పు. మిగిలిన పసుపు ఉడకబెట్టడం అయిందా? మబ్బు పట్టిందని రాశావు. కళ్ళంలో కొమ్ములు తడిస్తే రంగు పోతుంది, టార్పాలిన్ దగ్గర పెట్టుకో. నీకు తెలియని సంగతి కాదు. కానీ ఇట్లా రాస్తేనే నాకు కళ్ళం కనిపిస్తుంది, అందుకని రాస్తున్నాను.

ఈ ఉత్తరం చూసి నువ్వు నవ్వుతావు. "మావోడు పేపరోళ్ళ లెక్క రాస్తుండు" అని వదినకు చూపిస్తావు. చూపించు. ఏడో తరగతిలో బడి మానేసి, మిర్చి బజ్జీల పొట్లాలు విప్పి చదువుకుని నేర్చుకున్న తెలుగు ఇది. ఇంతకుముందు ఉత్తరాలు మనం ఇంట్లో మాట్లాడుకున్నట్లే రాసేవాణ్ణి. నోటి మాటను కాగితం మీద పెడితే ఏమవుతుందో వేల్పూర్ ఊరంతా చూసింది. అందుకే ఈసారి అచ్చులో ఉన్నట్లే రాస్తున్నాను. మనిషి బయటికి వెళ్తే వెళ్ళాడనే రాస్తాను. పోయిండని రాయను.

ముందు ఇక్కడి సంగతులు. ఎండలు మొదలయ్యాయి. పొద్దున పని మొదలుపెట్టే వేళకే ఇనుప సలాకలు చేతికి కాలుతున్నాయి. చేతి తొడుగులు ఇస్తారు కానీ అవి వేసుకుంటే తీగ ముడి పడదు, తీసేస్తే తోలు ఊడుతుంది. పన్నెండో అంతస్తు స్లాబుకు సలాకలు కడుతున్నాం. పై నుంచి సముద్రం కనిపిస్తుంది. చూడటానికి బాగుంటుందని అనుకోకు, దాని మీద నుంచి వచ్చే గాలి తడి గుడ్డ మొహాన వేసినట్లు ఉంటుంది. తిండికి లోటు లేదు. పొద్దున ఖుబ్బూస్ రొట్టె, రాత్రి అన్నం, పప్పు. మెస్సులో వేసే పసుపు మాత్రం పసుపు కాదు, సున్నానికి రంగు వేసినట్లు ఉంటుంది. బాల్కొండ భూమన్న సెలవు మీద ఇంటికి వస్తున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. తిరిగి వచ్చేటప్పుడు అతనితో మన పసుపు ఒక పొట్లం, మామిడికాయ తొక్కు, కొన్ని మక్క ప్యాలాలు పంపు. తొక్కు సీసాలో పెట్టకు, పగులుతుంది.

అన్నా, ఇక్కడ పని కష్టం కాదు. పని అక్కడా ఉంది. ఇక్కడ కష్టం శుక్రవారం. ఆరు మంచాల గదిలో ఆరుగురం ఉంటాం, ఎవరి గోడ వాళ్ళు చూస్తుంటాం. మాట్లాడితే ఇల్లు గుర్తుకొస్తుందని ఎవరూ మాట్లాడరు. బట్టలు ఉతుక్కుంటాం, గడ్డం గీసుకుంటాం, పడుకుంటాం. లేచి చూస్తే ఇంకా పొద్దు ఉంటుంది. ఆ పొద్దును ఏం చేయాలో తెలియక పెద్ద పెద్ద మనుషులు చెప్పుల పట్టీలు ఊడదీసి మళ్ళీ కుట్టుకోవడం నా కళ్ళతో చూశాను.

ఆ గదిలోకి ఆ డబ్బా వచ్చింది. కేరళ డ్రైవర్ ఒకతను ఇంటికి వెళ్తూ, తన పెట్టెలో పట్టక, టీవీకి పెట్టే ఆట డబ్బా మా గదిలో వదిలి వెళ్ళాడు. నీకు అప్పుడే రాశాను. రెండు రిమోట్లు, ఒక ఆట బిళ్ళ. ఇద్దరు మనుషులు తుపాకులు పట్టుకుని అడవిలో కుడివైపుకు పరుగెత్తాలి, ఎదురొచ్చిన వాళ్ళను కాల్చాలి. మనిషికి మూడు పానాలు, మూడుసార్లు చస్తే వాడి ఆట అయిపోయినట్లు. ఒకడివి అయిపోతే రెండోవాడి దగ్గర ఒకటి బదులు తీసుకోవచ్చు. ఆర్మూర్ బస్టాండు వెనుక రేకుల డబ్బాలో మనం ఆడినప్పుడు ఆ మిషన్లలో ఈ బదులు లేదు. అక్కడ ఎవడి పానం వాడిదే.

నేను ఒక్కణ్ణే కూర్చుని ఆడుతుంటే రాజన్న మామ వచ్చి పక్కన కూర్చున్నాడు. అప్పటికి ఆయన నాకు మామ కాదు. చెక్కలు కొట్టే ముసలి వడ్రంగి, అంతే. టీవీ వైపు చూస్తూనే అడిగాడు.

"మీదేడ పిలగా?"

"ఆర్మూరు."

"ఆర్మూరా? మా అక్కనిచ్చింది ఆర్మూరే. గట్లయితే నువ్వు నాకు అల్లునివి." ఇంకో రిమోటు చేతిలోకి తీసుకున్నాడు. "ఏది ఒత్తితే ఉరుకుతడు వీడు?"

యాభై దాటిన మనిషి. తన కొడుకు నడవడం నేర్చుకునేటప్పుడు ఈ దేశం వచ్చాడు, ఇప్పుడు ఆ కొడుకు ట్రాక్టరు నడుపుతున్నాడు. ఆయన రిమోటు పట్టుకోవడం చూడాలి అన్నా, కొడవలి పట్టుకున్నట్లు పట్టుకుంటాడు. తెర మీద మనిషి దూకితే ఈయన కూడా మంచం మీద లేస్తాడు. ఎదురొచ్చే వాళ్ళకు అందరికీ పేర్లు పెట్టాడు. పెద్ద తుపాకీ వాడికి మా ఫోర్‌మన్ పేరు. "వచ్చిండు అల్లుడా, ఓవర్‌టైం జెయ్యమంటడు, కాల్చు కాల్చు!" అని అరుస్తాడు. నావి అయిపోతే ఇట్లా ఉంటుంది:

"మామా, ఒక పానం బదులియ్యి."

"మొన్న ఇచ్చిందే సరిగ వాడకపోతివి."

"గిదొక్కటే మామా."

"తీస్కో తియ్. నేనుండి ఏం జేస్త, నువ్వు పో."

గదిలో మిగిలిన నలుగురూ మెల్లగా ఇటు తిరిగారు. భూమన్న పేక పత్తాలు పక్కన పెట్టి "ఎడమదిక్కు, ఎడమదిక్కు!" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఓడితే నవ్వేవారు. నవ్విన నోటితో ఇంటి మాటలు చెప్పుకునేవారు. వానకు పడిపోయిన గోడ, ఈనిన బర్రె, చిన్నబిడ్డ చెవులు కుట్టించడం, అన్నీ ఆ ఆట ముందే బయటికి వచ్చాయి. శుక్రవారం గడిచిపోయేది. నాకు కావలసింది అంతే.

ఆ సంతోషంతోనే అమ్మకు ఉత్తరం రాశాను. ఆట గురించి నీకు ముందే తెలుసు కదా, మళ్ళీ డబ్బా కథ ఎందుకని రాయలేదు. ఏం రాశానో ఒక్క అక్షరం పోకుండా ఇక్కడ పెడుతున్నాను: "మొన్న శుక్రవారం మస్తు కష్టమైంది అమ్మా. ఇద్దరివి గలిపి అయిదు పానాలు పోయినయి. ఆఖరికి రాజన్న మామ తన పానం నాకిచ్చి తను పోయిండు. గాయన పానంతోనే నేను గడ్డకు పడ్డ."

నువ్వు ఇంట్లో ఉండి చదివితే నవ్వేవాడివి. నువ్వు పసుపు బస్తాల వెంట నిజామాబాద్ వెళ్ళావు. అమ్మ ఆగలేక ఉత్తరం బీడీల కార్ఖానాకు తీసుకెళ్ళింది. సావిత్రక్క ఆకు పక్కన పెట్టి గట్టిగా చదివింది. అయిదుగురు చనిపోయారని, ఆరోవాడు మావోడని, మావోణ్ణి బతికించి రాజన్న చనిపోయాడని కార్ఖానా మొత్తం చేటలు దించి ఏడ్చిందట. ఆ ఏడ్చినవాళ్ళలో ఒకామె వేల్పూర్ బస్సెక్కింది. తరువాత జరిగింది నువ్వే రాశావు కాబట్టి నేను మళ్ళీ రాయను. మామ ఇంట్లో అత్త పొయ్యి అంటించలేదని, ముప్కాల్ నుంచి చుట్టాలు వచ్చి దిగారని, మన అమ్మ వెళ్ళి అత్త కాళ్ళు పట్టుకుని "నా కొడుకును బతికిచ్చిండమ్మా నీ మొగడు" అని ఏడ్చిందని చదువుతుంటే నాకు నవ్వు రాలేదు, అన్నా. ఏడుపూ రాలేదు. ఒళ్ళు మండింది. ఎవరి మీదనో తెలియక ఇంకా మండింది.

ఇక్కడ మాకేం తెలుసు? మధ్యాహ్నం అన్నం తింటుంటే వాచ్‌మన్ వచ్చి రాజన్నకు ఇండియా ఫోన్ అన్నాడు. క్యాంపు ఆఫీసుకు ఫోన్ వచ్చిందంటే మంచి వార్త ఉండదు. మామ ఎంగిలి చేయి కడుక్కోకుండా ఉరికాడు. వెనకే నేను. కొడుకు గొంతు నాకు కూడా వినిపించింది, అంత గట్టిగా అరుస్తున్నాడు.

"నాయినా, నువ్వేనా?"

"నేను గాక ఇంకెవరుంటర్రా? మీ అమ్మ మంచిగున్నదా?"

అటు ఏడుపు. "నువ్వు సచ్చిపోయినవని ఉత్తరమొచ్చింది నాయినా."

"ఎవడు రాసిండ్రా?"

"నీతోనే ఉంటడట. ఆర్మూరు పోరడు."

మామ నావైపు తిరిగాడు. "నన్నెప్పుడు జంపితివి అల్లుడా?"

ఇద్దరం కలిసి ఆలోచించి, పానం సంగతి తెలుసుకుని, ఆయన ఫోన్లో నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టాడు. ఆట అన్నాడు, టీవీ అన్నాడు, మూడు పానాలు ఉంటాయన్నాడు. అటువైపు ఏడుపు ఆగింది. తరువాత ఆ కొడుకు మెల్లగా అన్నాడు.

"ఊరంత ఇంటి ముంగట కూసున్నది నాయినా. వాళ్ళకేం జెప్పాలె? మా నాయిన టీవీల ఆటాడుకుంట సచ్చిండు, మళ్ళ లేసిండు అని జెప్పాలెనా? గీ వయసుల సిగ్గనిపియ్యలేదా నీకు?"

మామ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్లు. "అమ్మకియ్యరా ఫోను" అన్నాడు.

"బయట బల్ల మీద కూసున్నది. రెండు పూటల సంది తినలే. మాట్లాడదట."

ఫోన్ పెట్టేసి, చేతికి ఎండిన పప్పు గోక్కుంటూ నిలబడ్డాడు. "రెండు పూటలు తినలేదంట అల్లుడా" అన్నాడు. "నేను పోతే గంతగనం ఏడుస్తదని నాకు తెల్వనే తెల్వదు." నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "ఏడ్పిచ్చింది దేనికి? ఆటకు."

గదిలోకి రాగానే భూమన్న ఊరుకోలేదు. "సచ్చి బతికినవ్ మామా, దావత్ ఎప్పుడిస్తున్నవ్?" అన్నాడు. అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. ఆ రోజు నుంచి రిమోటు ముట్టలేదు. శుక్రవారం వస్తే గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. భూమన్న మళ్ళీ పత్తాలు తీశాడు, మిగిలినవాళ్ళు ఎవరి గోడకు వాళ్ళు తిరిగారు.

ఆ తరువాత నీ ఉత్తరం వచ్చింది. వేల్పూర్ సంగతంతా రాసి, చివర నాకు నాలుగే నాలుగు మాటలు: నువ్వు ఇరవై ఆరేండ్ల మనిషివి, ఆటలు చిన్నపోరలకు, పెద్దగైతే గదే పోతది అని అనుకున్నా నీకు పోలేదు. అమ్మ మీద ఒట్టు పెట్టి ఆ డబ్బా ముట్టనని రాసి పంపు, అప్పటిదాకా అమ్మ నీ ఉత్తరం ఒక్కటీ చదివించుకోదు.

అన్నా, కొట్టినా బాగుండేది. నాకు ఈ దేశంలో ఉన్నది ఒక్కటే తొవ్వ, నేను రాస్తే అమ్మ వింటుంది. పన్నెండో అంతస్తు మీద సలాక కడుతూ నేను ఆలోచించేది సలాక గురించి కాదు, ఇది అమ్మకు ఎట్లా రాయాలి అని. ఆ తొవ్వకు ముళ్ళకంప అడ్డం వేశావు. సరే, జవాబు రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను, కోపం తగ్గాక రాయాలంటే ఈ సంవత్సరం రాయలేను.

పెద్దగైతే గదే పోతది అన్నావు. ఎటు పోతుంది? చెప్పు. నేను పెద్దవాణ్ణి కాదా? పొద్దంతా ఎండలో నిలబడి, ఇంటికి పంపాల్సింది పంపి, జ్వరమొస్తే నా నుదురు నేనే ముట్టి చూసుకుంటున్నాను. ఇంకెంత పెద్దగా కావాలి? మన మార్కెట్ యార్డు అరుగు మీద తెల్ల మీసాల వాళ్ళు పొద్దంతా పులి మేక ఆడుతారు. గళ్ళు బండ మీద చెక్కి ఉన్నాయి. వాళ్ళ చేత ఒట్టు పెట్టించావా? ఇక్కడ భూమన్న పత్తాలు ఆడితే మగవాడు. బాటిల్ ఎత్తితే ఇంకా మగవాడు. తాగి బాత్‌రూంలో పడి ఏడిస్తే ఎవరూ ఊరికి ఫోన్ చేయరు. మామ రిమోటు పట్టుకుని పక్కవాడికి పానం బదులిస్తే మాత్రం సిగ్గు. బండ మీద ఆట పెద్దవాళ్ళదీ, టీవీ మీద ఆట చిన్నవాళ్ళదీ అని ఎవరు పంచారు? నేను చూసినంతలో ఆట మనిషిని వదిలి ఎటూ వెళ్ళదు. పక్కన కూర్చునే మనిషి లేస్తాడు, అంతే. వాడు లేచాక మనం కూడా లేస్తాం, లేచి, పెద్దవాళ్ళమయ్యాం అని చెప్పుకుంటాం.

నీ సంగతే చూడు. పెండ్లి కాకముందు బస్టాండు వెనుక డబ్బాలో మిషన్‌కు భుజం ఆనించి ఆడేవాడివి. యార్డులో నీ చేతులకు అంటిన పసుపు ఆ మిషన్ గుండీలకు అంటేది. ఆ దుకాణం వాడు "నర్సన్న వచ్చి పోయిండు" అని గుండీలు చూసి చెప్పేవాడు. నన్ను ఎప్పుడూ రెండో పిడి పట్టుకోమనేవాడివి. వదిన వచ్చిన యేడు మానేశావు. నీకు ఇష్టం పోయిందా? నేను బొంబాయి వెళ్ళడానికి బస్సు కోసం నిలబడ్డ రోజు గుర్తు చేసుకో. బస్సు లేటన్నారు. నువ్వు ఒక్క మాట మాట్లాడకుండా నా సంచి భుజానికి వేసుకుని ఆ డబ్బాలోకి నడిచావు. ఇద్దరు బిడ్డల తండ్రివి. మొదటి పిడి నాకు ఇచ్చి, రెండోది నువ్వు పట్టుకున్నావు. నీ చేతులు ఒక్క గుండీ కూడా మరిచిపోలేదు అన్నా. నేను చూశాను. నువ్వు నా మొహం చూడకుండా ఉండటానికి తెర చూశావు, నేనూ అంతే. బస్సు హారన్ కొట్టింది. నువ్వు ఆటలో ఉండగానే పిడి వదిలి, "నడువు" అన్నావు. అదే మనం చివరిసారి మాట్లాడుకున్నది. దాన్ని చిన్నపోరల ఆట అని ఎట్లా రాయగలిగావు?

ఇప్పుడు ఇవాళ జరిగింది రాస్తాను. దీని కోసమే ఉత్తరం మొదలుపెట్టాను.

అన్నం తిన్నాక డబ్బా పెట్టాను. ఒక్కరి ఆట పెట్టబుద్ధి కాలేదు, అలవాటు కొద్దీ ఇద్దరి ఆట పెట్టాను. నా మనిషి దిగాడు, మామ మనిషి దిగాడు. ఈ ఆటలో ఒక సంగతి ఉంది. ఇద్దరిలో ఒకడు వెనక నిలబడిపోతే తెర ముందుకు జరగదు. రెండోవాడు ఎంత ఉరికినా గాజు గోడకు తగిలినట్లు ఆగిపోతాడు. వెనక ఉన్నవాడు కదలాలి, లేకపోతే వాడి పానాలు మూడూ పోవాలి. అప్పుడే ముందుకు దారి.

మామ రిమోటు మంచం మీద ఊరికే ఉంది. ఆయన మనిషి నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ఎవరూ ముట్టని మనిషి ఎట్లా ఉంటాడో చూశావా? తుపాకీ పట్టుకుని, మోకాళ్ళు కొంచెం వంచి, ఎవరో వచ్చి నడిపిస్తారని ఎదురు చూస్తున్నట్లు ఉంటాడు. వాడి మీదికి వచ్చేవాళ్ళను నేను వెనక్కి తిరిగి కాల్చాను. మళ్ళీ వస్తారు, మళ్ళీ కాల్చాను. ఊరుకుంటే వాడు చచ్చేవాడు, నాకు దారి వచ్చేది. ఊరుకోలేకపోయాను. ఒకసారి చంపాను కదా ఆయన్ని, కాగితం మీద.

ఆ చప్పుడుకు మామ ఇటు తిరిగాడు.

"ఏంరా, గాడనే నిలవడ్డవు?"

"నువ్వు రాకపోతే ముందటికి పోనిస్తలేదు."

"ఒక్కని ఆట పెట్టుకోరాదు?"

"పెట్టుకోను."

"మొండి పోరడు." లేచి వచ్చాడు. రిమోటు చేతిలోకి తీసుకున్నాడు. నా గుండె ఎగిరింది అన్నా, నిజం చెబుతున్నాను. చిన్నప్పుడు నువ్వు బడి దగ్గరికి సైకిల్ మీద వస్తే ఎట్లా ఎగిరేదో అట్లా. మామ తన మనిషిని నాలుగడుగులు నడిపించాడు. నేను పక్కనే నడిచాను. ముందు వంతెన తెగిన చోట గుంట ఉంటుంది, అక్కడ దూకాలి. మామ దూకలేదు. తన మనిషిని తిన్నగా గుంటలోకి నడిపించాడు. ఒక పానం పోయింది. మళ్ళీ దిగాడు, మళ్ళీ గుంటలోకి నడిపించాడు. నాకు అర్థమయ్యేలోపు మూడోది కూడా.

"అయిపోయింది. ఇగ తొవ్వ ఖాళీనే గద" అన్నాడు. "నువ్వు పిలగానివి. నువ్వు పో."

"ఎవరడిగిండ్రు నిన్ను?" అని అరిచాను. గదిలో అందరూ చూశారు. "తొవ్వ నేనడిగిన్నా? పక్కకు రమ్మన్న గాని, నిన్ను సావమన్ననా?"

ఆయన రిమోటుకు తీగ చుట్టి, అద్దాల పెట్టె పెట్టినంత జాగ్రత్తగా నా పక్కన పెట్టి, వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెర మీద నా మనిషి ఒక్కడే ఉన్నాడు. ముందు దారంతా తెరిచి ఉంది. నేను పోలేదు. టీవీ కట్టేశాను.

అందుకని అన్నా, నువ్వు అడిగిన ఒట్టు సంగతి. పెద్దవాణ్ణయ్యానని, ఆటలు మానేశానని అమ్మ మీద ఒట్టు పెట్టను. అది అబద్ధం, అమ్మ మీద అబద్ధపు ఒట్టు పెట్టను. నేను పెట్టగలిగే ఒట్టు ఇది. రాజన్న మామ తనంతట తాను వచ్చి, ఆడటానికి రిమోటు పట్టుకునేదాకా నేను కూడా ఆ డబ్బా ముట్టను. అమ్మ తోడు. ఇది అమ్మకు చదివి వినిపించు. ఒట్టు వచ్చింది కాబట్టి నా ఉత్తరం వినమని చెప్పు. విన్నాక కోపమొస్తే రానీ.

ఇక మిగిలింది నీ పని. పసుపు పనులు ఒక్క పూట ఆపి వేల్పూర్ వెళ్ళు. అమ్మను కూడా తీసుకెళ్ళు, ఆ ఇంట్లో ఏడ్చింది కాబట్టి ఆ ఇంట్లోనే నవ్వాలి. కొడుకుతో మాట్లాడకు, వాడు పెద్దవాడయ్యాడు, వినడు. అత్తతో మాట్లాడు. ఆమె ఏడ్చినందుకు ఈయన లోపల ఎంత మురిశాడో చెప్పు, బయటికి చెప్పుకోలేక గోడతో చెప్పుకుంటున్నాడని చెప్పు. ఆ శుక్రవారాల్లో ఈయన నవ్వితే గదంతా నవ్వేదని చెప్పు. అత్త నోటితో ఒక్క మాట కావాలి, ఎస్టీడీ బూత్ నుంచి అయినా సరే, కాగితం మీద అయినా సరే. "ఆడుకోరాదు" అంటే చాలు. కాగితం మీద అయితే రాసేది నువ్వు. నీ అక్షరం గుండ్రంగా ఉంటుంది, సావిత్రక్కకు ఇవ్వకు.

నువ్వు వెళ్ళవని నాకు తెలుసు. వెళ్తావని కూడా తెలుసు. ఆ రోజు బస్సు లేటయినప్పుడు నా సంచి భుజానికి వేసుకున్నది నువ్వే కదా.

నా గురించి ఫికర్ చేయకండి. నేను మంచిగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, చేతికి తగిలిన దెబ్బ మానింది, అది చిన్నదే. మంచిగానే ఉన్నాను. శుక్రవారం ఒక్కటే కొంచెం పొడుగు.

అమ్మ పాదాలకు, నీ పాదాలకు, వదిన పాదాలకు దండాలు. పిల్లల తల నిమురు, నా చేయి అనుకుని. సావిత్రక్కకు నా మీద కోపం లేదని, నాకూ ఆమె మీద లేదని చెప్పు. కార్ఖానాలో ఏడ్చినవాళ్ళందరికీ దండం. నా కోసం అంతమంది ఏడుస్తారని నాకు కూడా తెలియదు. మీ అందరి దీవెన ఈ రేకుల గది దాకా రావాలని కోరుతూ,

నీ తమ్ముడు,
గంగాధర్

మడిచిన ఉత్తరం మళ్ళీ విప్పి ఇది రాస్తున్నాను. మడుస్తుంటే మామ గోడవైపు నుంచే అడిగాడు. "ఏం రాస్తున్నవ్ అల్లుడా, గింత సేపు?"

"నువ్వు బతికే ఉన్నవని రాస్తున్న మామా."

దుప్పటి మీదికి లాక్కుంటూ అన్నాడు: "జర గట్టిగ రాయి."